ఖాళీ మిల్లు ఫొటోలు

"ఏవండీ, దయచేసి ఆ మురికి తుడవకండి" అన్నాడతను.

నిచ్చెన మీదున్న అమ్మాయి గుడ్డ పట్టుకున్న చేతిని ఆపి కిందికి చూసింది. అద్దాలు బిగించే పనిలో ఆమె రకరకాల మాటలు పడింది. సరిగ్గా తుడవలేదన్నారు, మూలలు వదిలేశావన్నారు, ఫ్రేము వంకర పోయిందన్నారు. తుడవొద్దని చేతులు జోడించినవాణ్ణి చూడడం ఇదే మొదలు.

"ఎందుకు తుడవకూడదో?"

"అది మామూలు మురికి కాదండీ. ఏళ్ల తరబడి పట్టిన నూలు దుమ్ము, నూనె పొగ. దాంట్లోంచి వచ్చే లైట్ చూడండి, ఎంత మెత్తగా ఉందో."

ఆమె మెడ తిప్పి చూసింది. కళ్లు చిట్లించి చూసింది. అతను చిన్నబుచ్చుకోకూడదని తల వంచి కూడా చూసింది.

"నాకు మురికే కనిపిస్తోంది" అని మళ్లీ తుడవడం మొదలుపెట్టింది.

అది రాతితో కట్టిన పాత నూలు మిల్లు. మూతబడి చాలా కాలమైంది. గోడలు ఎంత మందమంటే కిటికీ గూట్లో ఒక మనిషి కాళ్లు చాపుకుని పడుకోవచ్చు. పొడుగాటి హాలు, రెండు వరసల ఇనుప స్తంభాలు. యంత్రాలు ఎప్పుడో అమ్ముడుపోయాయి. అవి ఉన్న చోట బోల్టుల కన్నాలు, నూనె మరకలు మాత్రం మిగిలాయి. కిటికీకి పాతికేసి చిన్న చిన్న అద్దాలు. వాటిలో సగం పగిలిపోయాయి, మిగతా సగం మన ఫొటోగ్రాఫరుగారి ప్రాణానికి ప్రాణమైన మురికితో ఉన్నాయి.

అతను ఇలాంటి చోట్ల తప్ప ఇంకెక్కడా ఫొటోలు తియ్యడు. పాత మిల్లులు, గోదాములు, ఇనుము కరిగించిన రాతి కార్ఖానాలు, అదీ లోపలి భాగాలు మాత్రమే. మనుషులంటే అతనికి భయం. మనుషులు సరిగ్గా సమయానికి కళ్లు మూస్తారు, కడుపు లోపలికి లాక్కుంటారు, అంతా అయ్యాక బాగా పడలేదంటారు. రాతిగోడ ఏదీ ఇంతవరకు తన ముక్కు పెద్దగా పడిందని అతనితో గొడవపెట్టుకోలేదు. అబ్బాయి ఏం చేస్తుంటాడని ఎవరైనా అడిగితే వాళ్లమ్మ "గోదాముల్లో పని" అని చెప్పి మాట మార్చేస్తుంది.

ఇద్దర్నీ ఆ మిల్లులోకి పంపింది ఒక్కరే. మిల్లు యజమానురాలు. అందరూ పెద్దమ్మగారంటారు. మిల్లు బాగుచేయించి అద్దెకివ్వాలని అద్దాల షాపుకి పని అప్పజెప్పింది. అంతా కొత్తగా మారకముందే హాలు ఉన్నదున్నట్టు ఫొటోలు కావాలని ఇతన్ని పిలిచింది. ఒకరి సంగతి ఒకరికి చెప్పడం మాత్రం మర్చిపోయింది.

ఇద్దరూ కలిసి వెళ్లి ఆమె ముందు నిలబడ్డారు.

"అద్దాలు ఈ నెలాఖరుకి అయిపోవాలి" అంది పెద్దమ్మగారు. "ఫొటోలు కూడా ఆ లోపే కావాలి. ఫొటోలో మనిషి నీడ కూడా పడకూడదు. నా వయసంతా ఆ హాల్లో మనుషుల గోల విన్నాను. కనీసం గోడకి తగిలించుకున్న ఫొటోలోనైనా నన్ను ప్రశాంతంగా ఉండనివ్వండి."

బయటికొచ్చాక రాజీ కుదిరింది. ఆమె గుమ్మం వైపు నుంచి అద్దాలు మార్చుకుంటూ రావాలి. అతను ఇంకా మార్చని కిటికీల వైపు ఫొటోలు తీసుకుంటూ వెనక్కి జరగాలి.

"హాలు ఒకటే కదా. నేను మీ ఫొటోలో పడనా?" అడిగింది ఆమె.

"పడరు. లోపల చీకటి కాబట్టి నేను షట్టర్ ఎనిమిది నిమిషాలు తెరిచి ఉంచుతాను. అంతసేపూ కదలకుండా ఉన్నదే ఫిల్ము మీద పడుతుంది. కదిలేది పడదు. మీరు అటూ ఇటూ తిరుగుతూ మీ పని చేసుకోండి."

"కెమెరాకి ఎదురుగా తిరిగినా?"

"తిరిగినా ఉండరు."

"ఈ ఎర్ర చొక్కా వేసుకున్నా?"

"వేసుకున్నా ఉండరు."

"నన్ను ఇంత మర్యాదగా ఎవరూ తీసిపారెయ్యలేదండీ" అంది ఆమె.

నిజానికి కదులుతూ ఉండడం ఆమెకి కష్టమైన పనేమీ కాదు. ఆమె నిచ్చెన ఎక్కితే ఎక్కినట్టుండదు, ఎగిరినట్టుంటుంది. ఒక కిటికీకి పుట్టీ పెడుతూనే రెండో కిటికీ కొలత తీసుకుంటుంది. అతను దీనికి పూర్తిగా వ్యతిరేకం. షట్టర్ తెరవగానే కెమెరా వెనక బాసింపట్టు వేసుకుని కూర్చుని, నేల అదిరితే ఫొటో చెడుతుందని ఊపిరి కూడా సగమే పీల్చేవాడు. కళ్లు గడియారం మీదే. చుట్టూ ఏం జరిగినా తలెత్తడు.

రెండో రోజుకే ఆమె అతనికి పేరు పెట్టేసింది.

"ధ్యానంగారూ, టీ తాగుతారా?"

జవాబు లేదు.

"ధ్యానంగారూ, మీ నెత్తి మీద పావురం వాలింది."

షట్టర్ మూశాక నెత్తి తడుముకుని, "నిజంగానే వాలిందా?" అన్నాడు.

"వాలింది. కాసేపు కూర్చుంది. స్తంభం అనుకున్నట్టుంది."

మధ్యాహ్నం ఇద్దరూ కిటికీ గూట్లో చెరో చివర కూర్చుని డబ్బాలు విప్పేవాళ్లు. ఆమె తింటూ కూడా కాళ్లూపుతూ ఉండేది.

"మీరు మనుషుల్ని అసలెప్పుడూ తియ్యలేదా?"

"ఒకసారి మా పిన్ని కూతురి పెళ్లిలో తీశాను. అందర్నీ వరసగా నిలబెట్టి, ఎనిమిది నిమిషాలు కదలొద్దన్నాను."

"తర్వాత?"

"ఫొటోలో హాలు స్తంభం చాలా బాగా పడింది. మా పిన్ని ఇప్పటికీ నాతో మాట్లాడదు."

ఆమె నవ్వితే ఆ ఖాళీ హాలంతా మారుమోగింది. పావురాలు లేచిపోయాయి. ఆ చప్పుడు తనకి ఇంత నచ్చుతుందని అతను అనుకోలేదు. అప్పటిదాకా అతనికి హాలు నిశ్శబ్దంగా ఉంటేనే ఇష్టం.

ఒకరోజు వాన పట్టుకుంది. కిటికీల అవతల లోకం కనపడకుండా పోయింది. లోపల సాయంత్రంలా మసకబడింది. పైకప్పు మీద వాన మోత.

"ఇవాళ లైట్ తక్కువ. పావుగంట పడుతుంది" అన్నాడతను.

"పావుగంట సేపు తిరుగుతూనే ఉండాలా?"

"ఉండాలి."

"నాకేమన్నా పిచ్చా?"

"మీరు మామూలుగా ఉండేదే కదా అది."

పుట్టీ ముద్ద ఒకటి అతని చెవి పక్కగా దూసుకెళ్లింది. అతను షట్టర్ తెరిచి గడియారంలో తల దూర్చేశాడు. వాన చప్పుడులో ఆమె అడుగులు వినపడలేదు. ఆమె ఎంతసేపు తిరిగిందో, ఎప్పుడు ఆగిందో అతను చూడలేదు. వాన లేని రోజుల్లో కూడా చప్పుడు ఆగితే, పుట్టీ పెడుతోంది కాబోలు అనుకునేవాడు. గోడలో ఉన్న చిన్న పగులుని కూడా కనిపెట్టే కళ్లు ఆ విషయంలో మాత్రం ఎందుకూ పనికిరాలేదు.

ఇలా ఆమె కొత్త అద్దాలు బిగించుకుంటూ వచ్చింది. హాల్లోకి వెలుతురు పెరుగుతూ వచ్చింది. అతనేమో ఇవాళ పది నిమిషాలు, ఇవాళ పన్నెండు నిమిషాలు అంటూ వచ్చాడు. చివరి మురికి అద్దం కూడా ఊడొచ్చిన రోజు, దాన్ని ఆమె అతనికే ఇచ్చి, "దాచుకోండి, మీ చుట్టం" అంది.

ఆ వారాంతం అతను ఇంట్లో స్నానాలగదికి నల్లగుడ్డ కట్టి ఫిల్ములన్నీ కడిగాడు.

"లోపల ఏం చేస్తున్నావురా? మీ నాన్న తువ్వాలు భుజాన వేసుకుని గంట నుంచి తిరుగుతున్నారు" అని వాళ్లమ్మ తలుపు కొట్టింది.

అతను ప్రింట్లు తీసి వరసగా తీగకి వేలాడదీసి, వాటి ముందు నోరు తెరుచుకుని నిలబడిపోయాడు.

మొదటి ఫొటోలో కిటికీ పక్కన కాస్త పొగలాంటిదేదో ఉంది. రెండోదాంట్లో ఆ పొగకి ఒక జడ ఉంది. మూడోదాంట్లో అమ్మాయి ఉంది గానీ, ఆమె లోంచి వెనకున్న రాళ్లు కనిపిస్తున్నాయి. ఒక్కో ఫొటోకి ఆమె చిక్కబడుతూ వచ్చింది. ఆఖరి ఫొటోలో పుట్టీ బ్లేడు చేత్తో పట్టుకుని, గోడకి ఆనుకుని, నిండు మనిషి నిలబడి ఉంది. కనుబొమ్మలు కూడా స్పష్టంగా ఉన్నాయి.

ఏ మగవాడైనా ఆ వరస చూసి ఒక్క క్షణం ఆలోచించాలి. మనవాడు ఆలోచించలేదు. పెద్దమ్మగారు మనిషి నీడ కూడా వద్దన్నారని, పాత అద్దాలన్నీ పోయాయి కాబట్టి మళ్లీ తియ్యడానికి లేదని, తన కష్టమంతా మట్టిపాలైందని మాత్రమే అతనికి తోచింది. తెల్లారగానే ప్రింట్లు తీసుకుని మిల్లుకి పరుగెత్తాడు.

"మీరు కావాలనే నిలబడ్డారు కదూ?"

ఆమె ఆఖరి ప్రింటు చేతిలోకి తీసుకుంది. చెవులు ఎర్రబడ్డాయి. నువ్వు గడియారం చూస్తుంటే నేను నిన్ను చూస్తూ ఉండిపోయాను అని ఎదురుగా నిలబడి కోప్పడుతున్నవాడితో ఎలా చెప్తుంది?

"అవును. కావాలనే" అంది.

"ఎందుకు?"

"మీ ఫొటోలు పాడుచెయ్యాలని."

"మీకు నవ్వులాటగా ఉంది. పెద్దమ్మగారికి నేనేం చెప్పుకోవాలి?"

"పోనీ కొత్త అద్దాలకి మళ్లీ మురికి పుయ్యనా? చెప్పండి, బురద కలిపి తెస్తాను."

"ఏమీ వద్దు. మీరు ఇక్కణ్ణుంచి వెళ్లిపోతే అదే చాలు."

అనేశాక తెలిసింది, అలాంటి మాట అనకూడదని. అప్పటికే ఆమె బ్లేడు తుడిచి సంచిలో వేసుకుంది. వెళ్లేటప్పుడు పరుగెత్తలేదు. మెల్లగా నడిచి వెళ్లింది. అది చూశాక అతనికి ఇంకా బాధేసింది.

మర్నాడు నిచ్చెన మీద ఆమె బదులు వాళ్ల నాన్న ఉన్నాడు. అద్దాల షాపు ఆయనదే.

"అమ్మాయి రాలేదాండీ?"

"రానంది. ఎందుకో చెప్పదు. షాపులో కూర్చుని అద్దాలు కోస్తోంది. నిన్నట్నుంచి ఒక్కటి కూడా సరైన సైజుకి కొయ్యలేదు" అన్నాడాయన దిగులుగా.

కొత్త అద్దాలతోనైనా ఒక ఖాళీ ఫొటో తీద్దామని అతను ట్రైపాడ్ నిలబెట్టాడు. హాలు ఖాళీగా ఉంది. అతను ఎప్పుడూ కోరుకున్నంత ఖాళీగా, నిశ్శబ్దంగా ఉంది. షట్టర్ తెరవబుద్ధి కాలేదు. ధ్యానంగారూ అని ఎవరైనా పిలిస్తే బాగుండుననిపించింది. మిల్లు పని ఈ వారంతో అయిపోతుంది. ఆ తర్వాత ఆమెని చూడడానికి తనకి ఒక్క సాకు కూడా మిగలదని గుర్తొచ్చింది. ఆమె అంటే తనకి ఇష్టమని అతనికి అప్పుడు తెలిసింది. పగుళ్లు కనిపెట్టే కళ్లకి అంత ఆలస్యమైంది.

ఆ మధ్యాహ్నమే పెద్దమ్మగారు ఫొటోలు చూడ్డానికి వచ్చింది. అతను వాటిని కిటికీ గూట్లో వరసగా పేర్చి, తల వంచుకుని నిలబడ్డాడు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా వచ్చింది. మళ్లీ మొదటికెళ్లి, మళ్లీ చివరిదాకా వచ్చింది.

"అద్దాల షాపు పిల్ల కదూ ఇది?"

అమ్మాయి నాన్న నిచ్చెన దిగొచ్చి చూశాడు. "మా అమ్మాయిలా ఉందండీ. కానీ మా అమ్మాయి కాదు."

"మీ అమ్మాయేనండీ. ఫొటోలు పాడుచెయ్యాలనే నిలబడ్డానంది" అన్నాడు ఫొటోగ్రాఫరు.

"కాదు బాబూ. కదలనిదే ఫొటోలో పడుతుందని నువ్వే చెప్పావట కదా. మా అమ్మాయి కదలకుండా ఉండడమేమిటి? చిన్నప్పుడు జ్వరమొస్తే థర్మామీటరు పెట్టడానికి నేనూ వాళ్లమ్మా చెరో పక్క పట్టుకునేవాళ్లం. ఇప్పటికీ అన్నం నడుస్తూనే తింటుంది."

"ఇంత స్పష్టంగా పడాలంటే ఎంతసేపు నిలబడాలి బాబూ?" అడిగింది పెద్దమ్మగారు.

"పన్నెండు నిమిషాలండీ. మొత్తం."

"ఎటు చూస్తోంది?"

"కెమెరా వైపండీ."

"కెమెరా వెనక ఎవరున్నారు?"

అతను గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించాడు. "ఎవరూ లేరండీ. నేనే."

పెద్దమ్మగారు కళ్లజోడు తీసి అద్దాలాయన వైపు చూసింది. అద్దాలాయన పుట్టీ డబ్బా మీద కూలబడ్డాడు. అతను మాత్రం ఒకసారి ఆవిణ్ణి, ఒకసారి ఆయన్ని, ఒకసారి ఫొటోని చూసి, మెల్లగా, వేళ్లు మడిచి లెక్క వేస్తున్నవాడిలా, మొత్తం అర్థం చేసుకున్నాడు. ముఖం మొదటి నుంచి చివరిదాకా ఎర్రబడింది.

"ఫొటో పాడుచెయ్యాలనుకునే పిల్ల హాలు మధ్యలో నిలబడుతుంది, ఇలా గోడవార కాదు" అంది పెద్దమ్మగారు. "నేను మనుషులు వద్దన్నమాట నిజమే. కానీ ఈ అమ్మాయి లేని ఫొటో తెచ్చావంటే నేను తీసుకోను."

అద్దాలాయన కూర్చున్నచోటు నుంచే ఆఖరి ఫొటోని మళ్లీ మళ్లీ చూశాడు. చివరికి లేచి, "బాబూ, రేపు పొద్దున షాపుకి రా" అన్నాడు.

"ఎందుకండీ?" అడిగాడతను ఒకడుగు వెనక్కి వేసి.

"నా నడుం పట్టేసింది. ఒక పెద్ద అద్దం మొయ్యాలి."

మర్నాడు అతను షాపు గుమ్మంలో నిలబడేసరికి ఆమె బల్ల మీద అద్దం కోస్తోంది.

"అద్దాలు కొనడానికొచ్చారా, మురికి చెయ్యడానికొచ్చారా?"

"మొయ్యడానికి. మీ నాన్నగారు రమ్మన్నారు."

ఆమె గ్లవ్స్ అతని మీదికి విసిరింది. వీధి చివర బట్టల కొట్టు ముందుభాగానికి బిగించే అద్దం అది, ఒక మనిషి ఎత్తుంది. ఆ ఇరుకు మలుపులో బండి తిరగదు కాబట్టి చేతుల మీదే తీసుకెళ్లాలి. నాన్న ఫ్రేము సిద్ధం చెయ్యడానికి ముందే వెళ్లిపోయాడు.

"మా పనిలో ఒక పద్ధతుంది" అంది ఆమె. "కొత్తవాళ్లు వెనక్కి నడవాలి. పాతవాళ్లు ఎదురుగా నడుస్తూ దారి చెప్పాలి. ఇద్దరూ మాట్లాడుతూనే ఉండాలి. ఒకరి మాట ఆగిందంటే ఏదో తేడా వచ్చిందని లెక్క, రెండోవాళ్లు అక్కడికక్కడ ఆగిపోవాలి. అర్థమైందా?"

"అయింది."

అద్దం ఎత్తారు. అతను వెనక్కి, ఆమె ముందుకి.

"మెట్టు."

"చూశాను. మొన్న అన్నమాటకి నన్ను క్షమించండి."

"కాస్త కుడికి. ఏ మాట?"

"వెళ్లిపొమ్మన్నమాట. మీరు వెళ్లాక ఒక్క ఫొటో కూడా తియ్యలేదు."

"తియ్యాల్సింది. హాలు ఖాళీగా ఉంది కదా."

"అందుకే తియ్యలేదు."

నాలుగడుగులు నడిచారు. కూరల బండివాడు పక్కకి తప్పుకున్నాడు.

"నేనొకటి అడుగుతాను" అంది ఆమె. "నేను అద్దాలు మార్చేకొద్దీ హాల్లో లైట్ పెరిగింది కదా?"

"పెరిగింది."

"లైట్ పెరిగితే మీ ఫొటోకి టైమ్ తగ్గాలి కదా? వానరోజు మీరే చెప్పారు."

అతను మాట్లాడలేదు. ఆమె ఠక్కున ఆగిపోయింది.

"మాట ఆపకూడదని చెప్పానా లేదా?"

"తగ్గాలి" అన్నాడతను నీరసంగా.

"మరి ఎనిమిది నిమిషాలు పన్నెండెలా అయ్యాయి? ఎడమకి, అక్కడ గుంట ఉంది."

"లెన్సు కన్నం బాగా చిన్నది చేసేసేవాణ్ణి. లోపలికి లైట్ తక్కువ పోయేలా."

"ఎందుకు?"

రెండు చేతులూ అద్దానికి అంటుకుని ఉన్నాయి. వెనక్కి తిరిగి పారిపోదామంటే నడుస్తున్నదే వెనక్కి. తప్పించుకోవడానికి దారి లేదు.

"తొందరగా అయిపోతే తొందరగా ఇంటికెళ్లిపోవాలి కదా" అన్నాడు. "అప్పుడు నాకే తెలీదు. లైట్ కోసమే అనుకున్నాను. మీరంటే నాకు చాలా ఇష్టమండీ. మీరు లేని హాల్లో నేనింక కూర్చోలేను. నన్ను పెళ్లి చేసుకుంటారా?"

ఆమె నోట మాట రాలేదు. పద్ధతి ప్రకారం అతను ఆగిపోయాడు. నడివీధిలో, మనిషెత్తు అద్దానికి చెరో చివర ఇద్దరూ నిలబడిపోయారు. అటు రెండు స్కూటర్లు ఆగాయి. ఇటు కూరల బండివాడు ఆగాడు. ఆమె ఒక్క వేలు కూడా కదపకుండా అతన్నే చూస్తోంది.

"అమ్మా, ఏదో ఒకటి చెప్పేయండి. మేం వెళ్లాలి" అన్నాడు బండివాడు.

"చేసుకుంటాను" అంది ఆమె. "నువ్వంటే నాకు చాలా ఇష్టం. నిన్ను చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలీలేదు. ఫొటోలు చూసి నేనూ నీలాగే ఆశ్చర్యపోయాను. ఇప్పుడు ముందు ఎడమకి తిరుగు, అందరూ చూస్తున్నారు."

"ఎడమకే తిరిగాను."

"అది కుడి."

మొత్తానికి అద్దం బట్టల కొట్టు చేరింది. అక్కడ నాన్న నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన వాళ్లిద్దరి చేతుల్లోంచి ఆ అద్దాన్ని అవలీలగా అందుకుని, ఒక్క ఊపున ఎత్తి ఫ్రేములో కూర్చోబెట్టాడు.

"నడుం పట్టేసిందన్నారు?" అన్నాడతను.

"నా నడుముకేం, నిక్షేపంగా ఉంది" అన్నాడాయన. "మీ మాటలు ఇక్కడిదాకా వినిపించాయి. వీధి మొత్తానికి వినిపించాయి. ఇంక నేను కొత్తగా ఎవరికీ చెప్పుకోవాల్సిన పని లేదు."

ఆమె ముఖం దాచుకోవడానికి చోటు దొరక్క, రెండో అద్దం తెస్తానని షాపు వైపు పరుగు తీసింది. అతను ఆమె వెనక వెళ్లబోతే నాన్న భుజం మీద చెయ్యేసి ఆపాడు. ఆ చెయ్యి బరువుగా, వెచ్చగా ఉంది.

"ఆదివారం మీ అమ్మానాన్నల్ని తీసుకురా బాబూ. పెద్దవాళ్లు వచ్చినప్పుడు మా అమ్మాయి కాసేపైనా కుదురుగా కూర్చోవాలి కదా. నువ్వు దాని ఎదురుగా కూర్చో."